ఫిల్మ్‌నగర్ దొంతిబండ

శ్రీనగర్ కాలనీ,
ఏప్రిల్ 19.

ప్రియమైన నాన్నా,

చంటి రేపు పొద్దున్న వ్యాన్ తీసుకుని మారేడుమిల్లి బయల్దేరుతున్నాడని మీ ప్రొడక్షన్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. అందుకే ఈ ఉత్తరం. సెట్ ఫొటోలు బయటికి పోతున్నాయని యూనిట్ మొత్తం ఫోన్లు రాజమండ్రిలోనే తీసుకుని తాళం వేశారని విన్న దగ్గర్నుంచి అమ్మ ఒకటే నవ్వు. "పదిహేనేళ్లుగా చెబుతున్నా, భోజనం దగ్గర ఆ ఫోన్ పక్కన పెట్టమని. నా మాట వినలేదు, నిర్మాత మాట విన్నారు" అంటోంది. వ్యాన్‌లో ఆవకాయ కూడా వస్తోంది. చంటి మీద నిఘా పెట్టు.

ఇక నా సంగతి. మా కన్సల్టెన్సీలో మొదటిసారి ఒక ప్రాజెక్టు పూర్తిగా నాకు అప్పజెప్పారు. ఇంతవరకూ వేరేవాళ్ల నివేదికల్లో చెట్లు, పిట్టల అధ్యాయం రాసేదాన్ని. ఈసారి సంతకం నాది. ఫిల్మ్‌నగర్ వెనక, షేక్‌పేట వైపు దిగే వాలు మీద మూతపడిన స్టూడియో స్థలం ఉంది కదా, నాలుగెకరాలు. అందులో రెండు టవర్లు, కింద మూడంతస్తుల పార్కింగ్ కడతారట. ఇప్పుడు ఆ నేల ఎలా ఉంది, కట్టాక నీళ్లకు, గాలికి, చెట్లకు, చుట్టుపక్కల మనుషులకు ఏమవుతుంది అన్నది మేం అంచనా వేసి రాయాలి. రాష్ట్ర నిపుణుల కమిటీ అది చదివి అనుమతి ఇవ్వాలో వద్దో చెబుతుంది.

స్థలం మధ్యలో రెండు పెద్ద బండలున్నాయి, ఒకదాని మీద ఒకటి. పైది ఒక పక్కకు ఒరిగి, ఇప్పుడో ఇంకాసేపటికో పడేట్టు ఉంది. అక్కడి కాలనీవాళ్లు దాన్ని దొంతిబండ అంటారు. చుట్టూ సర్కారు తుమ్మ, పై బండ కింద బారెడు తేనెపట్టు. మా జియాలజిస్టు రవిచంద్ర శాంపిల్ తీస్తానని దగ్గరికి వెళ్లి, తీయకుండానే పరుగెత్తుకొచ్చాడు. చెవి మీద తేనెటీగ కుట్టింది. చివరికి కింద ఉన్న రాతిపరుపు నుంచి ముక్క తీసి ల్యాబుకు పంపి, బండలను మాత్రం బైనాక్యులర్స్‌తో చూసి రాసుకున్నాడు.

ఆ స్థలం పక్కింట్లో ఉండే జగదాంబ గారు అక్కడి కాలనీ సంఘానికి అధ్యక్షురాలు. ప్రహరీ మీంచి పలకరించారు. "ఏమ్మా, పర్యావరణం వాళ్లు మీరేనా? ఆ దొంతిబండ జోలికొస్తే కోర్టుకెళ్తానని మీ బిల్డర్‌తో చెప్పండి. మా ఇంటికి చుట్టాలొస్తే గోల్కొండ తర్వాత చూపించేది దాన్నే."

వాలు కింద చిన్న బస్తీ ఉంది. అక్కడ ఇస్త్రీ బండి నడిపే నీలమ్మ నన్ను ఇంట్లోకి తీసుకెళ్లి గోడ చూపించింది. మోకాలెత్తున నీటి మరక. "వానొస్తే గుట్ట మీది నీళ్లన్నీ మా ఇంట్లకే వస్తయమ్మా. నా పెద్దబిడ్డ పుట్టినప్పుడు గిట్ల లేకుండె. ఇగ పైన బిల్డింగ్ లేస్తే మేం ఏడికి పోవాలె? గదే రాయి నీ రిపోర్ట్‌ల" అంది.

రాస్తాను. కానీ ఒకటి అర్థం కావడం లేదు. మా కొలతల ప్రకారం ఆ గుట్ట నీళ్లు పడమటి పల్లం వైపు పోవాలి. పోవడం లేదు. తూర్పుకు తిరిగి నీలమ్మ ఇంటికే వస్తున్నాయి. ఎందుకో నాకింకా తెలియలేదు.

వేళకు తిను.

నీ భావన

* * *

మారేడుమిల్లి,
ఏప్రిల్ 27.

ప్రియమైన అమ్మడూ,

ఆవకాయ అందింది. జాడీ నిండుగా బయల్దేరిందని అమ్మ చీటీలో రాసింది, నాకు ముప్పాతిక అందింది. చంటిని అడిగితే "ఘాట్ రోడ్డు సార్, కుదుపులకు కిందికి దిగుంటుంది" అన్నాడు.

నువ్వు సంతకం పెట్టే స్థాయికి వచ్చావని రాత్రి భోజనాల దగ్గర యూనిట్‌కంతా చెప్పాను. కెమెరామన్ వచ్చి చేయి కలిపాడు. నీ ఉద్యోగం ఏమిటని మా ప్రొడక్షన్ మేనేజర్ అడిగాడు. "కట్టేముందు వద్దని చెప్పే ఉద్యోగం" అన్నాను. "మా డైరెక్టర్‌కి కూడా ఒకర్ని పెట్టాలి సార్" అన్నాడు. నేనిక్కడ అడవిలో అడవి సెట్ వేస్తున్నాను. ఉన్న అడవి మా డైరెక్టర్‌కు నచ్చలేదు. చెట్లు మరీ చెట్లలా ఉన్నాయట.

నీ ఉత్తరంలో ఆ బండల సంగతి బాగుంది. ఇంకొంచెం వివరంగా రాయి. పైది ఎటు ఒరిగింది, తూర్పుకేనా? కింది బండ మీద ఏటవాలుగా ఒక పగులు ఉండాలి, ఉందా? నాచు పట్టిందా, పడితే ఏ పక్క? రోడ్డు మీంచి చూస్తే నిజంగానే పడిపోతుందేమోనని భయం వేస్తుందా? మీ రవిచంద్ర దాని గురించి ఏం రాశాడో ఆ వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు ఎత్తిరాసి పంపు. ఊరికే అడుగుతున్నాను. ఇక్కడ సాయంత్రాలు పొద్దు పోదు.

నీలమ్మ గోడ మీది మరక సంగతి వదిలిపెట్టకు. మోకాలెత్తు నీళ్లంటే పిల్లలున్న ఇంట్లో చిన్న విషయం కాదు.

మీ అమ్మకు చెప్పు, ఫోన్ లేకపోయినా అన్నం అరుగుతోందని.

ఆశీస్సులతో,
నాన్న

* * *

శ్రీనగర్ కాలనీ,
మే 6.

ప్రియమైన నాన్నా,

తూర్పుకే ఒరిగింది. ఏటవాలు పగులూ ఉంది. నీకెలా తెలుసు? ఏ బండకైనా ఒక పగులుంటుందని చీకట్లో రాయి విసిరావా? ఉత్తరం పక్క నాచు, మిగతా చోట్ల రాతిపాచి మచ్చలు మచ్చలుగా ఉంది. రోడ్డు మీంచి చూస్తే భయం వేస్తుంది. కొరియర్ కుర్రాళ్లు ఆ మలుపులో స్పీడు తగ్గిస్తారని జగదాంబ గారు చెప్పారు.

రవిచంద్ర వాక్యాలు ఇవి: "సుమారు రెండు వందల యాభై కోట్ల సంవత్సరాల నాటి గ్రానైట్. గాలి, వాన, ఎండల ఒరిపిడితో సహజంగా ఏర్పడిన అరుదైన నిర్మాణం. పై శిల బరువు నలభై టన్నులకు తగ్గదు. నగరంలో ఇంత చక్కగా నిలిచిన దొంతిబండలు ఇంక కొన్నే మిగిలాయి." అతను ఎవర్నీ ఇంతగా మెచ్చుకోగా నేను చూడలేదు. వాళ్ల ఇంట్లోవాళ్లు కూడా చూసుండరు.

నివేదిక కమిటీకి వెళ్లిపోయింది. దొంతిబండను కాపాడాలని నేనే రాశాను. బిల్డర్ తరఫు మేనేజర్ పృథ్వీరాజ్ మొదట మొహం మాడ్చుకున్నాడు. "రాయే కదా మేడం, అవసరమైతే ఇంకోటి తెచ్చి పెడదాం" అన్నాడు. రెండు వందల యాభై కోట్ల ఏళ్లు అన్న మాట చదివాక అతని ధోరణే మారిపోయింది. ఇప్పుడు బ్రోచర్ మీద దొంతిబండే. "ప్రాచీన శిల పక్కన మీ బాల్కనీ" అని అచ్చు వేయించాడు. జగదాంబ గారు నాకు కాకినాడ కాజా డబ్బా పంపారు. కాలనీ సంఘం వాట్సాప్ గ్రూపులో అందరూ దాని ఫొటోయే పెట్టుకున్నారు. ఇటు బిల్డర్, అటు కాలనీ, ఇద్దరూ ఒకే నివేదికను మెచ్చుకోవడం మా ఆఫీసు చరిత్రలో లేదని మా ఎండీ రఘునందన్ గారు అన్నారు.

నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. బండలను ఉంచాలంటే రెండో టవర్ జరగాలి. ఎక్కడికి జరిపారంటే సరిగ్గా నీలమ్మ ఇంటి పైకి. అక్కడ పార్కింగ్ కోసం మూడంతస్తుల లోతు గోడ కడితే ఇప్పుడు మోకాలెత్తు వచ్చే నీళ్లు నడుమెత్తు వస్తాయి. నీళ్లు ఎందుకు దారి తప్పుతున్నాయో తెలిస్తే వేరే చోటు చూపించగలను. తెలియక "ఇంకా పరిశీలించాలి" అని రాశాను. మా నివేదికల్లో ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. ఇక ఎవరూ పరిశీలించరు.

బస్తీకి వెళ్లి టవర్ జరిగిన సంగతి నీలమ్మకు నేనే చెప్పాను. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి విన్నది. "అంటే రాయికి ఏం గావొద్దని మా ఇంటి మీదికి తెచ్చిండ్రు. మంచిగున్నది" అంది. మళ్లీ పెట్టె తీసుకుంది.

కమిటీ జూన్‌లో స్థలం చూడటానికి వస్తుంది.

నీ భావన

* * *

మారేడుమిల్లి,
మే 14.

ప్రియమైన అమ్మడూ,

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. రవిచంద్ర వాక్యాలు మా అసిస్టెంట్లకు పైకి చదివి వినిపించాను. తర్వాత టీ తాగి ఇది మొదలుపెట్టాను. ఈ సంగతి పోయిన ఉత్తరంలోనే రాయాల్సింది. ఆ బండ గురించి నీచేత ఇంకొక్కసారి చెప్పించుకోవాలనిపించి ఆగాను.

ఆ దొంతిబండ వయసు ఇరవై మూడేళ్లు. చేసింది నేను.

అప్పుడు నువ్వు మూడో తరగతో నాలుగో తరగతో. ఆ స్టూడియోలో ఒక జానపద సినిమాకు గుట్ట సెట్ వేశాను. లోపల ఇనుప చట్రం, దాని మీద కోళ్ల జాలీ, జాలీ మీద సిమెంటు పూత. మామూలుగా అయితే ప్లాస్టర్‌తో కానిచ్చేవాళ్లం. కానీ అందులో వాన పాట ఉంది. రోజూ ట్యాంకర్లతో నీళ్లు కొడితే ప్లాస్టర్ కరిగిపోతుంది. అందుకని సిమెంటు. రంగులకోసం మేస్త్రీ పోచయ్యా నేనూ మౌలాలి గుట్ట ముందు కూర్చుని రాయి ఎండలో ఎలా ఉంటుందో, మబ్బు పడితే ఎలా ఉంటుందో చూసి వచ్చాం. పగులు పోచయ్య చేసింది. నాచు మాత్రం మాది కాదు, తర్వాత వానలు పట్టించి ఉంటాయి. లోపలంతా బోలు. వెనక చిన్న తలుపుంటుంది. ఎండకు కూరలు పాడవకుండా పోచయ్య క్యారియర్ అందులోనే పెట్టేవాడు.

పాట సగంలో హీరోకూ నిర్మాతకూ చెడింది. సినిమా ఆగిపోయింది. ఏ సెట్ అయినా షూటింగ్ అయ్యాక వేసినవాళ్లమే విప్పి స్థలం అప్పగిస్తాం. ఆ సెట్ విప్పమని చెప్పే మనిషి లేకపోయాడు. మేం వేరే సినిమాలకు వెళ్లిపోయాం. స్టూడియో మూతపడ్డాక ఎప్పుడో కూలిపోయి ఉంటుందనుకున్నాను.

చదువుకున్న జియాలజిస్టు నలభై టన్నులు అన్నాడంటే, నిజం చెప్పనా, నాకు అవార్డు వచ్చినప్పుడు కూడా ఇంత ఆనందం కలగలేదు. కానీ ఆ కాగితం మీద ఉన్నది నీ సంతకం. కమిటీకి వెళ్లింది నా సిమెంటు. నువ్వేం చేయాలో నేను చెప్పను. ఇక్కడ విన్నవాళ్లు నోరు విప్పరు, పోచయ్య అసలే విప్పడు. నిర్ణయం నీది.

అమ్మతో నెమ్మదిగా చెప్పు. నవ్వితే దగ్గు వస్తుంది.

నాన్న

* * *

శ్రీనగర్ కాలనీ,
మే 22.

ప్రియమైన నాన్నా,

అమ్మకు దగ్గు వచ్చింది. రెండు రోజులు తగ్గలేదు.

ఆదివారం ఉదయం తేనెటీగలకు దూరంగా, వెనక పక్క నుంచి తుమ్మ పొద కొట్టించుకుని వెళ్లాను. పిడికిలితో తట్టాను. ఖాళీ బిందెలా మోగింది. నవ్వు ఆపుకోలేక అక్కడే కూర్చుండిపోయాను. తర్వాత నా సంతకం గుర్తొచ్చి నవ్వు ఆగింది. నువ్వు చెప్పిన తలుపు తుప్పు పట్టి ఊడిపోయింది. లోపల ఒక పిల్లి పిల్లలు పెట్టింది. నన్ను చూసి పోచయ్య క్యారియర్‌ను కాపాడుతున్నట్టు గుర్రుమంది.

సోమవారం రవిచంద్రకు చెప్పాను. "ల్యాబ్ రిపోర్టు కరెక్టే కదా?" అన్నాడు. కరెక్టే. ముక్క తీసింది కింది రాతిపరుపు నుంచి, అది నిజం రాయి. "అయితే తప్పు తేనెటీగలది" అన్నాడు.

తర్వాత రఘునందన్ గారి గదిలోకి వెళ్లాను.

"ఇది ఇంకెవరికైనా తెలుసా?" అని అడిగారు.

"మా నాన్నకు తెలుసు సార్."

"ఆయనకెలా తెలుసు?"

"ఆయనే చేశారు."

నీళ్లు తాగారు. "భావనా, కాలనీకి బండ కావాలి. బిల్డర్‌కి బండ కావాలి. కమిటీకి ఎలాగూ నచ్చుతుంది. నీ ఒక్కదానికే ఎందుకమ్మా వద్దు?"

"రెండో టవర్ నీలమ్మ ఇంటి మీదికి పోతోంది సార్. సిమెంటు బండ కోసం."

ఆయన చెడ్డవాడు కాదు. సవరణ పంపితే నా పేరు ఈ ప్రాజెక్టు నుంచి తీసేయాల్సి రావచ్చని, మళ్లీ సంతకం చేసే అవకాశం ఎప్పుడొస్తుందో చెప్పలేనని అన్నారు. ఆలోచించుకోమన్నారు. నాకు సంతకం కావాలి నాన్నా. ఎనిమిదేళ్లు పిట్టల అధ్యాయం రాశాను. అయినా సవరణ రాయడం మొదలుపెట్టాను.

రాయడానికి మట్టి పరీక్ష ఫలితాలు మళ్లీ తీసి చూశాను. ఆ గుట్ట మీద ఎక్కడ తవ్వినా మోకాలి లోతులో రాయి తగలాలి. బండల పక్కన వేసిన బోరులో రెండు నిలువుల దాకా తగల్లేదు. వచ్చింది ఎర్రమట్టి, ఇటుక ముక్కలు, థర్మోకోల్, బంగారు రంగు పూసలు. పూసలు చూసి ఆ రోజు రవిచంద్ర పురావస్తు శాఖకు ఫోన్ చేయబోయాడట, బోరు వేసేవాళ్లు ఆపారు.

అందుకని అడుగుతున్నాను. నువ్వు సెట్ వేయకముందు ఆ బండల కింద నేల ఎలా ఉండేది? గుర్తున్నంతవరకు రాయి. ఏం చెప్పినా సవరణలో రాస్తాను. సెట్ నీదని రాయాలి, నువ్వు మా నాన్నవని కూడా రాయాలి. అది దాచకూడదు. ముందే చెబుతున్నాను.

నీ భావన

* * *

మారేడుమిల్లి,
మే 29.

ప్రియమైన భావనా,

చంటి ఇంజిన్ ఆపకుండా నిలబడ్డాడు కాబట్టి సూటిగా రాస్తున్నాను.

అక్కడ గండి ఉండేది. మనిషి దిగితే తల కనిపించనంత లోతు. పై నుంచి వచ్చి పడమటి పల్లంలోకి దిగేది. మేం వెళ్లింది ఎండాకాలం కాబట్టి ఎండిపోయి ఉంది. డైరెక్టర్‌కు అరవై మంది డాన్సర్లు ఒకే వరుసలో పరుగెత్తుకు రావాలి. గండి అడ్డం. స్టూడియో వెనక పాత సెట్ల చెత్త ఉంటే అదంతా అందులో పోయించి, ఎర్రమట్టి కప్పించి, రోలర్ తిప్పించాను. పూసలు రాణీవాసం సెట్‌వి. అతుకు కనపడకుండా గండి మొదట్లో దొంతిబండ నిలబెట్టాను. షాట్ చాలా బాగా వచ్చింది. వానాకాలం ఆ గండిలో ఏం పోతుందని నన్నెవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అప్పుడు నీ ఉద్యోగం ఉన్న మనిషి మా యూనిట్‌లో లేడు.

అయితే నీలమ్మ గోడ మీది మరక నా పనే. ఆవిడ పెద్దబిడ్డ వయసు కనుక్కో. ఇరవై మూడు పైనే ఉంటుంది.

నా పేరు రాయి. ఇంటిపేరుతో రాయి. బండ తీసేయాల్సి వస్తే ఎర్రగడ్డలో పోచయ్యను పిలువు. వేరేవాళ్లయితే పగలగొడతారు. వాడు విప్పుతాడు.

నాన్న

* * *

శ్రీనగర్ కాలనీ,
జూలై 8.

ప్రియమైన నాన్నా,

వాన షెడ్యూల్ పేరు చెప్పి నిన్ను ఇంకో నెల ఆపేశారని తెలిసింది. అమ్మ ఇంకో జాడీ పంపుతోంది. ఈసారి మూతకు లక్క సీలు వేసింది.

సవరణ పంపాను. నీలమ్మ పెద్దబిడ్డ వయసు ఇరవై ఐదు, అదీ రాశాను. కమిటీ వచ్చింది. చైర్మన్ గారు పెద్దాయన. నేను చెప్పిందంతా విని, బండ దగ్గరికి వెళ్లి పెన్నుతో తట్టారు. నావైపు చూసి మళ్లీ తట్టారు. అప్పటికి తేనెటీగలు వానలకు ముందు వలస పోయాయి కాబట్టి మిగతా సభ్యులు కూడా వరసగా వచ్చి తలా ఒకసారి తట్టారు. ప్రహరీ మీంచి జగదాంబ గారి గొంతు వినిపించింది. "ఎవరండీ బండను కొడుతోంది?"

చెప్పాను. ఆవిడ చాలాసేపు బండను చూశారు. "అయితే ఇన్నేళ్లూ చుట్టాలకు నేను చూపించింది సినిమా సెట్టా? మా వియ్యంకుడు దీని ముందు ఫొటో దిగి ఫ్రేము కట్టించుకున్నాడే!"

పృథ్వీరాజ్ నన్ను పక్కకు పిలిచాడు. "మేడం, ఐదు వేల బ్రోచర్లు గోడౌన్‌లో ఉన్నాయి. అందులో తప్పేమీ లేదు కదా, ప్రాచీన అంటే ఎన్నేళ్లో మనం రాయలేదు" అన్నాడు. రాశారు. కవర్ మీదే ఉంది.

సవరణలో నువ్వు మా నాన్నవని చదివాక చైర్మన్ గారు ఒక్కటే అడిగారు. "నాన్నగారు ఇంకా పని చేస్తున్నారా?" మారేడుమిల్లిలో అడవి వేస్తున్నారని చెప్పాను. "అక్కడి నేల సంగతి కూడా ఒకసారి చూసుకోమనండి" అన్నారు. అందరూ నవ్వారు. నువ్వు మాత్రం నిజంగానే చూసుకో.

నిర్ణయం ఇది. గండిని పై నుంచి కింది దాకా తిరిగి తెరవాలి. దానికి రెండు వైపులా కట్టడం ఉండకూడదు. రెండో టవర్ పై మూలకు పోయి ఎత్తు తగ్గించుకోవాలి. నా పేరు తీయలేదు. మొదటి నివేదికలో తప్పుందని, సవరించింది కూడా అదే సంతకమని మీటింగ్ మినిట్స్‌లో రాశారు. రఘునందన్ గారు ఆఫీసులో కొత్త నియమం పెట్టారు, ఏ సైట్‌లోనైనా ప్రతి బండనూ తట్టి చూడాలని. రవిచంద్ర ఇప్పుడు జేబులో చిన్న సుత్తి పెట్టుకుని తిరుగుతున్నాడు. మొన్న ఆఫీసు స్తంభాన్ని కూడా తట్టాడు.

పిల్లిని, పిల్లలను అమ్మ ఇంటికి తెచ్చుకుంది. నీ పడకకుర్చీ ఇప్పుడు వాటిది.

పోచయ్య మామ తన మనుషులతో వచ్చాడు. వచ్చి సామాన్లు దించలేదు. "గుమ్మడికాయ ఏదమ్మా?" అన్నాడు. ఏ గుమ్మడికాయ అన్నాను. "షూటింగ్ ఖతమైతే గుమ్మడికాయ కొడతం గదా. గీ సినిమాకు కొట్టలే. కొట్టకుండ సెట్టు ఎట్ల ఇప్పుతం? మీ నాయినకు తెలిస్తే నన్ను ఉంచుతడా?" పృథ్వీరాజే కారులో వెళ్లి ఎర్రగడ్డ మార్కెట్ నుంచి తెచ్చాడు. పోచయ్య మామ దాని మీద కర్పూరం వెలిగించి, బండ చుట్టూ తిప్పి, నేలకేసి కొట్టాడు. "అయిపాయె. షూటింగ్ అయిపాయె" అని పెద్దగా అరిచాడు. వాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఎందుకో పృథ్వీరాజ్ కూడా కొట్టాడు.

పై బండను మధ్యాహ్నానికి కింది బండ నుంచి ఊడదీశారు. రవిచంద్ర నలభై టన్నులన్న దాన్ని తొమ్మిదిమంది కలిసి ప్రహరీ మీంచి అటు దించారు. జగదాంబ గారు అడిగారు మరి. "బండ కాకపోతే ఏమైందమ్మా? నా లాన్‌లో పెట్టుకుంటాను. అడిగినవాళ్లకు నిజమే చెబుతాను, అడగకపోతే నేనెందుకు చెప్పాలి?" అన్నారు. దానికి రంగు వెలిసిన చోట నువ్వు వచ్చి సరిచేయాలట. కింది బండ ఇనుము పోచయ్య మామ తీసుకెళ్లాడు, ఏదో సీరియల్‌లో గుహ కావాలట.

తర్వాత వారం పొక్లెయిన్ పెట్టి గండి తవ్వారు. నీ పూసలు తట్టలకొద్దీ వచ్చాయి. అడుగున రాతిపరుపు నున్నగా ఉంది, నీళ్లు వేల ఏళ్లు నడిచి అరగదీసిన దారి అది. రవిచంద్ర దాన్ని పది చోట్ల తట్టి, అప్పుడు రాసుకున్నాడు. కొత్త బ్రోచర్‌లో ఇప్పుడు "వాగు ఒడ్డున మీ బాల్కనీ" అని ఉంది. అది నిజమే కాబట్టి నేనేం అనలేదు.

మొదటి గట్టి వాన పోయిన గురువారం మధ్యాహ్నం పడింది. గొడుగు వేసుకుని నీలమ్మ ఇంటికి వెళ్లాను. మంచం మీద బల్ల, బల్ల మీద టీవీ. బియ్యం సంచి, ఇస్త్రీ బట్టల మూటలు, పిల్లల పుస్తకాలు అటక మీదికి ఎక్కాయి. మబ్బు పట్టగానే ప్రతి ఏడూ చేసే పనట. ఇద్దరం గుమ్మంలో నిలబడ్డాం. ఎర్రనీళ్లు పై నుంచి ఒక్క ఊపున గండిలోకి దిగాయి. పడమటికి తిరిగి, రోడ్డు కింది తూములోంచి వెళ్లిపోయాయి. నీలమ్మ నమ్మలేదు. వెనక వస్తాయన్నట్టు పైకే చూస్తూ నిలబడింది. వాన తెరిపిచ్చింది. గుమ్మం ముందు చినుకుల తడి తప్ప ఏమీ లేదు.

అప్పుడు నావైపు తిరిగింది.

"ఏందమ్మా, గట్లనే నిలబడ్డవ్? జర ఓ చెయ్యెయ్యి. టీవీ దించాలె. నా సీరియల్ షురువైంది."

దించాం. మేం ప్లగ్ పెట్టేసరికి సీరియల్‌లో అత్తగారు ఎవర్నో ఇంట్లోంచి గెంటేసింది. ఎందుకు గెంటిందో తెలియకుండా పోయిందని నీలమ్మ సాయంత్రందాకా నన్ను తిడుతూనే ఉంది.

నీ భావన